వాహనాలపై వడగళ్ల దెబ్బ: హైదరాబాద్ పాతబస్తీ

వడగళ్లు పడి వాహనం పైరేకు సొట్టలు పోవడం, రంగు చిట్లడం, అద్దాలు, దీపాలు పగలడం వంటి నష్టాలను వడగళ్ల దెబ్బ అంటారు. వాన కురిసేది చాలాసార్లు పది, పదిహేను నిమిషాలే. దాని జాడ మాత్రం బండి మీద ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్త కారుకు ఇది ఖర్చు లెక్క. తాతల నాటి అంబాసిడర్‌కో, కంపెనీ రంగు ఇంకా చెరగని బుల్లెట్‌కో, నిజాంల కాలపు మోటారు బండికో అసలు రేకు, అసలు రంగు పోవడమే పెద్ద నష్టం. అలాంటి బండికి రాళ్ల కన్నా, ఆ తర్వాత తొందరపడి చేయించే మరమ్మతు వల్ల ఎక్కువ కీడు జరగడం కద్దు. చార్మినార్ చుట్టుపక్కల ఇరుకు గల్లీల్లో బండిని కప్పు కింద నిలిపే చోటు దొరకదు కాబట్టి ఈ సమస్యకు అక్కడ మరో కోణం కూడా ఉంది.

పేర్లు, కొలతలు

వడగళ్లు, వడగండ్లు అనేవి గ్రాంథిక, వ్యవహార భాషలు రెండింటా ఉన్న మాటలు. తెలంగాణ పల్లెల్లో ‘రాళ్ల వాన’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. పాతబస్తీ ఉర్దూలో వీటిని ‘ఓలే’ అంటారు. పరిమాణాన్ని జనం రేగిపండంత, ఉసిరికాయంత, నిమ్మకాయంత అని చెబుతారు. బీమా సర్వేయర్లు, మరమ్మతుదారులు సొట్ట వెడల్పును నాణేలతో పోల్చి చూడటం మామూలే. పది రూపాయల నాణెం అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. సుమారు ఆ పరిమాణం నుంచే రాయి మామూలు కారు పైరేకుకు ప్రమాదకరంగా మారుతుంది. రేగిపండంత రాళ్లు చప్పుడు చేసినంతగా నష్టం చేయవు.

రాళ్లు పుట్టే తీరు

హైదరాబాద్‌లో వడగళ్లకు అనువైన కాలం మార్చి నుంచి మే వరకు. పగటి ఎండకు దక్కన్ పీఠభూమి కాగిపోతుంది. విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి సాగే ద్రోణి వెంట బంగాళాఖాతపు తేమగాలి వచ్చి కలిసినప్పుడు మధ్యాహ్నం దాటాక క్యుములోనింబస్ మేఘాలు నిలువుగా ఎదుగుతాయి. ఆ మేఘాల లోపలి నీటి బిందువులు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉంటాయి. చిన్న మంచు గింజ ఏదైనా వాటి మధ్యకు వస్తే అవి దానికి అంటుకుని గడ్డకడతాయి. పైకి లేచే గాలి ఆ గింజను మోయగలిగినంత సేపు అది పొరలు పొరలుగా పెరుగుతుంది. గాలి మోయలేనంత బరువెక్కితే నేలకు రాలుతుంది.

వేసవిలో ఈ ప్రాంతంలో సున్నా డిగ్రీల మట్టం నేలకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి రాలే రాయి వెచ్చని గాలిలో చాలా దూరం దిగి రావాలి. దారిలోనే చిన్న రాళ్లు కరిగి పెద్ద చినుకులవుతాయి. కాబట్టి నగరంలో ఉరుముల వానలు చాలానే కురిసినా, బండికి సొట్ట పెట్టగల రాళ్లు వాటిలో కొన్నింటిలోనే ఉంటాయి. ఒక పేటలో రాళ్లు పడి, రెండు కిలోమీటర్ల అవతల ఉత్త వానే కురవడానికి కారణం మేఘంలో రాళ్లు పెరిగే చోటు ఇరుకుగా ఉండటమే.

దెబ్బ తీవ్రత రాయి పరిమాణంతో అంచెలంచెలుగా కాక ఒక్కసారిగా పెరుగుతుంది. అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. పడే వేగమూ పెరిగి, ఢీకొట్టే శక్తి పదహారు రెట్లు, అంతకు పైగా పెరుగుతుంది. రెండున్నర సెంటీమీటర్ల మంచు గోళం ఏడెనిమిది గ్రాములు తూగితే, ఐదు సెంటీమీటర్లది 60 గ్రాములకు దగ్గరగా తూగుతుంది. మొదటిది గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో పడితే, రెండోది 70 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతుంది. ఉసిరికాయంత రాయికి చెక్కుచెదరని అద్దం నిమ్మకాయంత రాయికి పగిలేది ఇందుకే.

నమోదైన ఘటనలు

1939 మార్చిలో హైదరాబాద్‌లో 3.4 కిలోల వడగల్లు పడిందని కొన్ని వాతావరణ గ్రంథాలు పేర్కొంటాయి. నేల మీద పడ్డాక పలు రాళ్లు కలిసి ఒకే గడ్డ అయి ఉండవచ్చన్న అనుమానంతో దీన్ని అందరూ ఒప్పుకోరు. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన అత్యంత బరువైన వడగల్లు 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది. దాని బరువు 1.02 కిలోలు.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో రోడ్లు, పొలాలు తెల్లటి దుప్పటి కప్పినట్టు మంచు రాళ్లతో నిండిపోయాయి. ఆ వారం తెలంగాణలో పలు జిల్లాల్లో పంటలు దెబ్బతినగా, రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. పంట నష్టానికి ప్రభుత్వం లెక్క తీస్తుంది. వాహన నష్టం బీమా దరఖాస్తుల్లో, డెంటింగ్ షాపుల రశీదుల్లో చెల్లాచెదురుగా మిగిలిపోతుంది.

పాతబస్తీలో ఈదురుగాలుల వాన కట్టడాలనూ వదలదు. 2025 ఏప్రిల్ 3న కురిసిన భారీ వానకు, 1591లో కట్టిన చార్మినార్ మినార్ పైనుంచి సున్నపు గచ్చు పెచ్చు ఊడి కింద పడింది. ఇలాంటి వానలో కట్టడాల పక్కన నిలిపిన బండికి రాళ్లతో పాటు పైనుంచి రాలే పెచ్చులు, రేకులు, కొమ్మల ముప్పు కూడా ఉంటుంది.

బండి నిలిపే చోటు

పాతబస్తీ నడిచేవాళ్లకు, పల్లకీలకు, గుర్రపు బండ్లకు సరిపడా ఏర్పడిన ఊరు. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చార్మినార్‌కు వెళ్లే దారిని వెడల్పు చేసి, పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద దుకాణాల వరుస కట్టింది. ఆ వరండాలు మనుషులకు వాన నుంచి నీడనిచ్చాయి గానీ మోటారు బండ్లకు కాదు. ఉమరా (కులీన) వర్గాల దేవిడీల్లో (హవేలీల్లో) మాత్రం పెద్ద దర్వాజా, లోపలి ముంగిలి, పోర్టికో ఉండేవి. అక్కడ కారుకు చోటుండేది. దేవిడీలు వాటాలై, ముంగిళ్లలో మేడలు లేచాక ఆ కార్లు గల్లీలోకి వచ్చాయి.

రంజాన్ నెల ఈ ఇబ్బందిని పెంచుతుంది. చాంద్రమాన లెక్క వల్ల ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరిగే ఆ నెల 2023 నుంచి 2025 వరకు వరుసగా మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చింది. లాడ్‌బజార్, మదీనా, పత్తర్‌గట్టి బజార్లలో సాయంత్రం నుంచి సహరీ (తెల్లవారుజాము భోజనం) దాకా జనం కిటకిటలాడే రోజులూ, ఉరుముల వానల రోజులూ అలా ఒకే కాలంలో పడ్డాయి. ఆకాశం నల్లబడ్డాక అంత రద్దీలో బండిని బయటికి తీసి కప్పు వెతుక్కోవడం కుదిరే పని కాదు.

నగరంలో అతి విలువైన పాత వాహనాలకు మాత్రం చక్కటి కప్పు ఉంది. ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్‌తో పాటు నిజాంల ఇతర కార్లు ప్రదర్శనలో ఉన్నాయి. ఈ ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1930 నాటి రోల్స్ రాయిస్, ప్యాకార్డ్, జాగ్వార్ మార్క్ 5 కార్లను చూడవచ్చు. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో కప్పు, చెప్పు, క్రికెట్ బంతి వంటి వింత ఆకారాల్లో చేత్తో చేసిన వాహనాలున్నాయి. వడగళ్ల నుంచి వాహనాన్ని కాచేది అన్నింటికన్నా ముందు గట్టి కప్పేనని ఈ మూడు చోట్లా కళ్లకు కనిపిస్తుంది.

దెబ్బ స్వభావం

మంచు రాయి తగిలినప్పుడు రేకు కొంత మేరకు స్ప్రింగులా వంగి తిరిగి లేస్తుంది. ఆ హద్దు దాటితే లోహం సాగి సొట్ట నిలిచిపోతుంది. బల్లపరుపుగా, విశాలంగా ఉండే పైకప్పు, బానెట్, డిక్కీ మూత ముందు దెబ్బతింటాయి. మడతలు, వంపులు ఉన్న చోట రేకు గట్టిగా నిలుస్తుంది. గాలి ఏటవాలుగా కొడితే తలుపులకూ దెబ్బ తగులుతుంది. కాబట్టి వాన తర్వాత ఒక పక్కనే చూసి బండి బాగుందనుకోకూడదు.

ఇప్పటి కార్ల పైరేకు ఒక మిల్లీమీటరు కంటే పలచగా ఉంటుంది. అయితే వాటి రంగు పూతకు సాగే గుణం ఉంది. సొట్ట పడినా రంగు చిట్లకుండా మిగిలే అవకాశం ఎక్కువ. పాత బండ్ల సంగతి దీనికి భిన్నం. అంబాసిడర్ రేకు దళసరి కాబట్టి త్వరగా లొంగదు. కానీ దశాబ్దాల ఎండకు పెళుసెక్కిన రంగు నక్షత్రంలా చిట్లుతుంది. కంటికి ఆనని ఆ పగులులోంచి నీరు దిగి రేకు లోపల తుప్పు మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల కార్లలో కర్ర చట్రం మీద అల్యూమినియం లేదా ఉక్కు రేకు తొడిగేవారు. కొన్నింటికి పైకప్పు బట్టదే. అలాంటి వాటిలో రాయి బట్టను చింపి లోపలి తోలు సీట్లను, కర్రను తడిపేస్తుంది.

మోటారు సైకిళ్లలో పెట్రోల్ ట్యాంకు, ముందు వెనక మడ్‌గార్డులు, హెడ్‌లైట్, మీటరు అద్దం దెబ్బతింటాయి. ఆటోల పైకప్పు రెగ్జిన్ కావడంతో సొట్టకు బదులు చిరుగులు పడతాయి. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటే అది పగిలినా ముక్కలు రాలదు. వెనక, పక్క అద్దాలు తరచూ టెంపర్డ్ గాజుతో చేస్తారు. అవి ఒక్క దెబ్బకు మొత్తం పొడి పొడిగా రాలతాయి.

మొదటి కొన్ని గంటలు

వాన ఆగాక బండి మీది మంచును చీపురుతో, గట్టి బ్రష్‌తో ఊడ్చకూడదు. రాళ్లతో పాటు వచ్చిన ఇసుక రంగును గీకుతుంది. అద్దం మీద వేడినీళ్లు పోస్తే కనిపించని పగులు పెద్దదవుతుంది. మంచు దానంతటదే కరిగే వరకు ఆగి, నీళ్లు ధారగా పోసి కడగడం మేలు. అద్దం పగిలితే గాజు ముక్కలు ఏరి, దళసరి ప్లాస్టిక్ పట్టా కప్పి, సీట్ల కింది తడి తివాచీలు బయటికి తీసి ఆరబెట్టాలి.

సొట్టలు ఎండలో నేరుగా చూస్తే సగం కనబడవు. పొద్దు వాలాక ఏటవాలు వెలుతురులో, లేదా ట్యూబ్‌లైట్ ప్రతిబింబం రేకు మీద పడేలా నిలిపి చూస్తే ఒక్కొక్కటీ తేలుతుంది. ఏ పలక మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పక్కన నాణెం పెట్టి ఫొటోలు తీయాలి. రంగు చిట్లిన సొట్టలను, చిట్లని వాటిని వేరు చేయడం ఈ దశలో అన్నిటికన్నా ముఖ్యం. తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మరమ్మతు పద్ధతులు

రంగు చెదరని సొట్టకు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి పీడీఆర్. రంగు వేయకుండానే సొట్ట తీసే విధానం ఇది. పలక వెనక నుంచి రకరకాల వంపుల ఉక్కు కడ్డీలతో సొట్ట అంచుల నుంచి నడుమకు కొద్దికొద్దిగా నెట్టుతారు. వెనక చేయి దూరని చోట సొట్ట మీద జిగురుతో ఒక బిళ్ళ అంటించి బయటికి లాగుతారు. గీతల దీపం ప్రతిబింబం రేకు మీద తిన్నగా పడితే సొట్ట పోయినట్టు లెక్క. అంచు మీద పడిన సొట్టలు, బాగా సాగిన రేకు, అల్యూమినియం పలకలు ఈ పద్ధతికి అంత తేలిగ్గా లొంగవు.

పాతబస్తీ గల్లీల్లో ఎక్కువగా కనిపించేది డెంటింగ్, పెయింటింగ్ పద్ధతి. ఉస్తాద్ రేకు వెనక ఇనుప డాలీ ఆనించి ముందు నుంచి సుత్తితో తట్టి సమం చేస్తాడు. సాగి ఉబ్బిన చోటును వేడిచేసి, చల్లార్చి కుదిస్తాడు. మిగిలిన ఎగుడుదిగుళ్లకు పట్టి (పుట్టీ) పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్, రంగు, చివరగా బఫింగ్. పనితనం ఉన్న చేతిలో రేకు దాదాపు యథాస్థితికి వస్తుంది. తొందరపడితే రేకు పని తగ్గి పట్టి మందం పెరుగుతుంది. నాలుగైదు వేసవులు గడిచాక ఆ పట్టి పగిలి పెచ్చుగా ఊడుతుంది.

పాత బండిలో ఇంకో రెండు జాగ్రత్తలు అవసరం. పూర్వం రేకుల అతుకులను సీసంతో నింపేవారు. రంగుల్లోనూ సీసం ఉండేది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి తడిపి రుద్దాలి, మూతికి మాస్కు ఉండాలి. బుల్లెట్ ట్యాంకు సొట్టకు వేడి తగిలించే ముందు పెట్రోల్ తీసేస్తే చాలదు. ఆవిరి కూడా పోయేలా కడిగి ఆరబెట్టాలి. పెట్రోల్ ఆవిరి అంటుకుంటే ట్యాంకు పేలుతుంది.

హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి ఐసుముక్క పెడితే సొట్ట లేచిపోతుందన్న చిట్కా బాగా ప్రచారంలో ఉంది. సాగిన లోహం దానికి లేవదు. పాత రంగు అలాంటి హఠాత్తు మార్పుకు ఇంకా చిట్లుతుంది.

అసలు రూపం అనే విలువ

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ వీలైనంత తక్కువ మార్పుతో, చేసిన ప్రతి పనికీ రికార్డు ఉంచుతూ వాహనాన్ని కాపాడాలంటుంది. భారత ప్రభుత్వం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. పైరేకునే కోసి కొత్తది అతికించే ‘సులువైన’ మరమ్మతుకు ముందు ఈ షరతును చూసుకోవడం మంచిది.

బీమా

మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి అయినది థర్డ్ పార్టీ బీమా. వడగళ్ల నష్టానికి దాని నుంచి పైసా రాదు. సొంత నష్టం భాగం ఉన్న పాలసీలో వరద, తుఫానులతో పాటు వడగళ్ల వాన పేరు కూడా ఉంటుంది. పాత బండ్లకు చాలామంది థర్డ్ పార్టీతో సరిపెట్టుకుంటారు కాబట్టి, విలువైన బండికే రక్షణ లేని పరిస్థితి వస్తుంది.

సొంత నష్టం పాలసీలో తరుగు కోత ఉంటుంది. మార్చిన లోహ భాగాలకు ఐదేళ్ల నుంచి పదేళ్ల బండికి 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం తీసేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం. అద్దాలకు కోత లేదు. రంగు పనిలో సామగ్రి ఖర్చులో సగం కోస్తారు. బిల్లులో సామగ్రి విడిగా లేకపోతే మొత్తంలో పావు వంతును సామగ్రిగా లెక్కిస్తారు. ఉదాహరణకు రంగు బిల్లు 20,000 రూపాయలైతే 5,000 సామగ్రి కింద పోగా అందులో 2,500 యజమాని భరించాలి. కూలీకి కోత లేదు కాబట్టి, దాదాపు మొత్తం కూలీ పనే అయిన పీడీఆర్‌లో యజమానికి భారం తగ్గుతుంది.

క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరిన రాయితీ తిరిగి సున్నాకు పడుతుంది. నాలుగైదు సొట్టలకే క్లెయిమ్ వేసే ముందు ఈ లెక్క చూసుకోవాలి. పాత బండికి మార్కెట్ ధర పట్టిక ఉండదు. ఐదేళ్లు దాటిన వాహనం బీమా విలువను యజమాని, కంపెనీ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఆ మాటలు పాలసీ తీసుకునే రోజే జరగాలి. 1940 చివరికి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లకు సొంత నష్టం ప్రీమియంలో 25 శాతం రాయితీని పాత మోటారు టారిఫ్ ఇచ్చింది. 

ముందు జాగ్రత్త

వాతావరణ శాఖ బేగంపేట కేంద్రం పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఇస్తుంది. రాడార్ ఆధారంగా రానున్న మూడు గంటలకు ఇచ్చే సూచన బండి యజమానికి ఎక్కువ పనికొస్తుంది. మామూలు పల్చటి కారు కవరు దుమ్మును ఆపుతుంది గానీ రాయిని ఆపదు. ఇంట్లోని బొంతలు, పాత రజాయిలు రెండు మూడు వరసలు పరిచి, పైన కవరు వేసి, తాళ్లతో బండి కిందుగా బిగిస్తే రాయి ఊపు చాలా తగ్గుతుంది. వాన వెలిశాక తడి బొంత బండి మీద ఉంచితే రంగు ఉబ్బుతుంది, వెంటనే తీసేయాలి. సిమెంటు రేకుల షెడ్డు పెద్ద రాయికి పగిలి ముక్కలు బండి మీదే పడతాయి. ఇనుప రేకు, ఆర్‌సీసీ కప్పు నమ్మదగినవి. ఫ్లైఓవర్ కింద దారికి అడ్డంగా బండి ఆపడం ఇతరుల ప్రాణం మీదికి తెస్తుంది. రాళ్లు పడుతుండగా కవరు కప్పడానికి బయటికి పరుగెత్తడం అంతకన్నా ప్రమాదం. 1888లో ఉత్తర భారతంలోని మొరాదాబాద్‌లో పడ్డ వడగళ్ల వాన 246 మంది ప్రాణాలు తీసింది.

ఇతర నగరాల అనుభవం

1984 జూలై 12న జర్మనీలోని మ్యూనిక్‌లో పడ్డ వడగళ్లకు సుమారు రెండు లక్షల కార్లు దెబ్బతిన్నాయి. 1999 ఏప్రిల్ 14న సిడ్నీ వడగళ్ల వాన బీమా నష్టం 170 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు చేరింది. అలాంటి పెద్ద వానల తర్వాత పీడీఆర్ పనివాళ్లు ఊరి నుంచి ఊరికి తరలివెళ్లి నెలల తరబడి పనిచేయడం ఆ దేశాల్లో ఒక వృత్తిగా స్థిరపడింది.

నైరుతి గడువు

హైదరాబాద్‌లో వడగళ్ల కాలం ముగిశాక నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారానికి వస్తాయి. కాబట్టి మార్చి, ఏప్రిల్ దెబ్బకు యజమాని చేతిలో రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది. రంగు చిట్లిన ప్రతి చోటును ఆలోగా శుభ్రం చేసి, కనీసం ప్రైమర్‌తో మూయాలి. లేదంటే ఆ తర్వాతి నాలుగు నెలల తేమకు తుప్పు పని మొదలుపెడుతుంది. రంగు చెదరని లోతులేని సొట్టలకు అలాంటి గడువేమీ లేదు. మంచి చేయి దొరికే దాకా అవి ఆగగలవు. అరుదైన బండి మీద అసలు రంగు నిలిచి ఉంటే, ఆ రంగును కాపాడటానికి సొట్టను అలాగే వదిలేసి, ఫొటో తీసి, ఏ రోజు వానకు పడిందో బండి కాగితాల్లో రాసి ఉంచే యజమానులూ ఉన్నారు.